నాటింది కాదు, నిలిచింది లెక్క

తొలకరి జల్లులు పడగానే ప్రతి ఊళ్లోనూ మొక్కలు నాటే సందడి మొదలవుతుంది. బడి ఆవరణలోనూ, పంచాయతీ కార్యాలయం ముందూ, రోడ్డుకు రెండు పక్కలా గుంతలు తీస్తారు. పెద్దలు వస్తారు. మొక్క చేతికి అందిస్తారు. చెంబుతో నీళ్లు పోస్తారు. ఫోటో తీస్తారు. అందరూ చప్పట్లు కొడతారు. ఆ మరునాటి నుంచి ఆ మొక్కకు దిక్కెవరు? సంక్రాంతి నాటికి కొన్నింటిని మేకలు తినేస్తాయి. శివరాత్రి దాటాక ఎండకు మరికొన్ని మాడిపోతాయి. మళ్లీ తొలకరి వచ్చేసరికి అదే గుంతలో ఇంకో మొక్క నాటవలసి వస్తుంది. మన పల్లెల్లో చాలాచోట్ల ఏటా కనిపించే దృశ్యమే ఇది.

మొక్కల మాటే కాదు, మనుషులు పెట్టుకునే సంకల్పాల మాటా ఇంచుమించు ఇంతే. ఉగాదినాడు తాగుడు మానేస్తానని ఒట్టు పెట్టుకున్నవాడు శ్రీరామనవమి నాటికి ఒట్టు తీసి గట్టున పెడతాడు. పలకా బలపం పట్టుకుని రాత్రిబడికి వచ్చిన పెద్దలు నాట్లు మొదలయ్యేసరికి మానేస్తారు. తప్పిన పరీక్ష మళ్లీ రాస్తానన్న కుర్రవాడు నెల తిరగకుండానే పుస్తకాలు అటకెక్కిస్తాడు. ఆరంభ శూరత్వమన్న మాట మన భాషలో ఊరికే పుట్టలేదు.

మొదలుపెట్టడం చేతనైనవారు ఊరికి వందమంది ఉంటారు. ఆపకుండా సాగించేవారు జిల్లాకు ఒకరిద్దరు దొరికితే గొప్ప. అటువంటి ఒక మనిషి ఖమ్మం జిల్లాలోనే పుట్టి, ఇక్కడి కాలువ గట్ల మీదనే తిరిగి, ఇక్కడే కన్నుమూశాడు. ఆయన బతుకులోంచి నేర్చుకోవలసినదేమిటో పల్లె ప్రజలు ఒకసారి తీరికగా ఆలోచించుకోవడం అవసరం.

విత్తనం దాచిన ఇల్లు

ఖమ్మం రూరల్ మండలం రెడ్డిపల్లి గ్రామానికి చెందిన దరిపల్లి రామయ్యగారు 2025 ఏప్రిల్ 12న పరమపదించారు. లోకం ఆయనను వనజీవి రామయ్య అని పిలిచింది. ఊళ్లోవారికి చెట్ల రామయ్య. కేంద్ర ప్రభుత్వం 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారమిచ్చింది. ఆయన పోయినప్పుడు దేశ ప్రధాని మొదలు రాష్ట్ర ముఖ్యమంత్రి వరకూ సంతాపం తెలిపారు. ఇదంతా పత్రికల్లో వచ్చిన సంగతే. అయితే పద్మశ్రీ ఆయన జీవితంలో చివరి అంకం మాత్రమే. అంతకుముందు దశాబ్దాల తరబడి జరిగిన కథ ఎవరూ చూడనిది, చూసినా పట్టించుకోనిది.

ఆ కథ పెద్ద ఆశయంతో మొదలు కాలేదు. చిన్నతనంలో తల్లి కూరగాయల విత్తనాలను వచ్చే పంట కోసం జాగ్రత్త చేయడం చూసి, విత్తనం మీద తనకు మక్కువ కలిగిందని ఆయన చెబుతుండేవారు. ఆ రోజుల్లో పల్లెటూళ్లలో ప్రతి ఇల్లాలికీ తెలిసిన విద్యే అది. సొరకాయ ముదిరితే గింజలు తీసి ఎండబెట్టేవారు. బీర గింజలకు బూడిద కలిపి పాత గుడ్డలో మూటగట్టి వాసానికి వేలాడదీసేవారు. అదే ఆ ఇంటికి విత్తనాల కొట్టు. వేలమంది పిల్లలు చూసిన ఆ పనిని రామయ్యగారు చూడటంతో సరిపెట్టలేదు. పెరటి పాదు దగ్గర ఆగిపోవలసిన అలవాటును ఊరి పొలిమేర దాకా, అక్కడినుంచి కాలువ గట్టు దాకా, రోడ్ల దాకా తీసుకుపోయారు.

ఇందులో మొదటి పాఠం ఉంది. లక్ష్యమంటే ఎక్కడో ఆకాశంలో నుంచి ఊడిపడేది కాదు. చేతికి అందేంత దూరంలో, ఇంట్లో రోజూ జరిగే పనిలోనే అది దాగి ఉంటుంది. కోటి మొక్కలు నాటాలని తొలినాడే అనుకుని ఉంటే ఎవరికైనా గుండె జారిపోతుంది. ఇవాళ జేబులో ఉన్న గింజలు ఇవాళ నాటాలనుకుంటే ఎవరైనా చేయగలరు. ఆయన చేసింది ఈ రెండోదే.

లెక్క కుదిరేదేనా?

రామయ్యగారు కోటికి పైగా మొక్కలు నాటారని ప్రసిద్ధి. ఈ మాట విని ముక్కున వేలేసుకునేవారున్నారు. పెదవి విరిచేవారూ ఉన్నారు. ఒక లెక్క వేసి చూడవచ్చు. యాభై ఏళ్లపాటు ఒక్క రోజు కూడా మానకుండా పని చేసినా కోటి పూర్తి కావాలంటే రోజుకు సుమారు 548 నాటాలి. గుంత తీసి మొక్క పెట్టి నీరు పోసే పని అయితే ఒక మనిషి వల్ల అయ్యేది కాదు. కాని ఆయన పని గుంతలతో మాత్రమే జరగలేదు. సంచుల కొద్దీ గింజలు ఏరి తెచ్చి, వాన పడే అదను చూసి, కాలువ గట్ల వెంట, బంజరు నేలల్లో, రోడ్ల పక్కన చల్లుకుంటూ పోయేవారు. అడిగినవారికీ అడగనివారికీ పంచేవారు. అలా చల్లినవీ పంచినవీ కలుపుకుంటే ఆ సంఖ్య ఊహకు అందనిదేమీ కాదు.

చల్లిన ప్రతి గింజా మొలవదు. మొలిచిన ప్రతి మొలకా మాను కాదు. ఈ సంగతి రామయ్యగారికి తెలియనిది కాదు. చేలో విత్తనం చల్లే ప్రతి రైతుకూ తెలిసినదే. పక్షులు తినగా, చీడ పట్టగా, ఎండకు పోగా మిగిలినదే పంట. అందుకే రైతు కొంచెం ఎక్కువ చల్లుతాడు గాని, పోతాయని చల్లడం మానడు. పట్టుదల అంటే ఓటమి ఎరగకపోవడమని పలువురు అనుకుంటారు. అది పొరపాటు. ఓటమి పాలు ఎంతో ముందే లెక్కలో వేసుకుని, దానికి సరిపడా ఎక్కువ పని చేయడమే పట్టుదల.

పెరటి చెట్టు మందుకు రాదు

మెడలో గుండ్రటి బోర్డు, నెత్తిన నినాదం రాసిన టోపీ, సైకిలు మీద మొక్కలు, సంచిలో గింజలు. ఇదీ ఆయన వేషం. చెట్టును మనం కాపాడితే చెట్టు మనలను కాపాడుతుందన్న అర్థం వచ్చే సంస్కృత వాక్యం ఆ బోర్డు మీద ఉండేది. పారేసిన రేకు ముక్కలు, డబ్బా మూతలు, పాత పళ్లేలు ఏరి తెచ్చి, వాటికి రంగు పూసి, వాటి మీద చెట్ల గురించి నినాదాలు రాసి ఇంటినిండా పెట్టుకున్నారు. పెళ్లి పందిరి అయినా, సభ అయినా, సంత అయినా ఆయన ఆ బోర్డుతోనే వెళ్లేవారు.

అటువంటి మనిషిని ఊరు ఎలా చూస్తుందో వేరే చెప్పనక్కర లేదు. పిచ్చివాడన్నారు. పనిలేనివాడన్నారు. పెరటి చెట్టు మందుకు రాదన్నది పెద్దల మాట. దూరాన ఉన్నవారు దండ వేసేదాకా దగ్గరివారికి విలువ తెలియదు. ఢిల్లీలో రాష్ట్రపతి చేతుల మీదుగా పురస్కారం అందుకున్న తర్వాత, అదే బోర్డును, అదే టోపీని చూసి జనం పక్కన నిలబడి ఫోటోలు దిగారు. బోర్డు మారలేదు, మనిషీ మారలేదు. చూసేవారి కళ్లు మాత్రమే మారాయి.

ఎగతాళి మాటలకు ఎదురుచెప్పి గెలిచినవారు తక్కువ. వాటిని వింటూనే చేతిలో పని సాగించినవారే గెలిచారు. నలుగురూ ఏమనుకుంటారోనన్న జంకు పల్లెటూళ్లలో మరీ ఎక్కువ. నలభై ఏళ్లకు అక్షరాలు దిద్దుకునే ఇల్లాలినీ, కొత్త పంట వేసే చిన్న రైతునూ, కులవృత్తి కాని పని నేర్చుకునే కుర్రవాడినీ ముందుగా ఆపేది డబ్బు లేకపోవడం కాదు, అరుగు మీద కూర్చున్నవారి నవ్వు. ఆ నవ్వుకు ఆయుష్షు తక్కువ. పనికి ఆయుష్షు ఎక్కువ. ఇది తెలిసినవాడే నిలుస్తాడు.

కాలం ఎరిగిన శ్రమ

పట్టుదల ఒక్కటే ఉంటే చాలదు. దానికి తెలివి తోడు కావాలి. చెట్ల పెంపకంలో ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. వేప పండ్లు తొలకరి ముందు పండి రాలతాయి. ఆ గింజకు మొలకెత్తే శక్తి రెండు మూడు వారాలకు మించి ఉండదు. గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి, వెంటనే నాటాలి. వచ్చే ఏడాది చూద్దామని దాచినవాడికి గింజ మిగులుతుంది గాని మొక్క రాదు. రేల గింజ ఇందుకు పూర్తిగా వేరు. దాని పైపెంకు రాయిలా ఉంటుంది. ఊరికే మట్టిలో పెడితే నెలల తరబడి కదలదు. గరుకు రాతి మీద రుద్దో, వేడి నీళ్లలో నానబెట్టో నాటితే గాని నీరు లోపలికి ఇంకదు. కానుగ గింజకు ఈ బాధ లేదు. తడి తగిలితే రెండు వారాల్లో మొలక చూపిస్తుంది. చింత గింజను రాత్రంతా నానబెట్టి నాటడం మంచిది. ఇక రావి గింజ ఆవగింజ కంటే చిన్నది. మనిషి చల్లిన దానికంటే పిట్ట తిని వేసినదే గోడ సందుల్లో మొలుస్తుంది. ఆ మొక్కను వేరు తెగకుండా తీసి నేలలో నాటుకోవచ్చు.

ఒక్కో గింజకు ఒక్కో గుణం. ఒకటి తొందరపెట్టేది, ఒకటి ఓర్పు నేర్పేది, ఒకటి దెబ్బ తగిలితే గాని లేవనిది. పిల్లలూ అంతే. రేల గింజ లాంటి పిల్లవాడిని కానుగ గింజతో పోల్చి తిట్టే తల్లిదండ్రులు ఈ సంగతి గమనించాలి. పక్కింటి పిల్లవాడు పదిహేను రోజుల్లో నేర్చినది తమ పిల్లవాడు ఏడాదికి నేర్చుకుంటే వాడిలో ప్రాణం లేదని అర్థం కాదు.

ఎండాకాలంలో గింజలు ఏరడం, తొలకరికి చల్లడం, చలికాలంలో చుట్టూ కంప కట్టడం, మళ్లీ ఎండల్లో నీరు పోయడం. చెట్ల పనికి ఏడాది పొడవునా ఒక వరస ఉంది. ఆ వరస తప్పితే ఎంత శ్రమ పడినా ఫలితం రాదు. ఎవరి లక్ష్యమైనా ఇంతే. రోజూ ఏ వేళకు ఏ పని చేయాలో ఒక వరస ఏర్పడితే మనసు మొరాయించినా చేతులు పని చేసుకుపోతాయి. ఉత్సాహం ఉన్నరోజు మాత్రమే పని చేసేవాడికి ఏడాదిలో పట్టుమని పది రోజులు కూడా దక్కవు.

విశ్వాసం అంటే

విశ్వాసమనగానే గుడి, మొక్కుబడి గుర్తుకు వస్తాయి. అవి ఎవరి నమ్మకం వారిది. కాని చెట్టు నాటేవాడి విశ్వాసం మరో రకమైనది. గింజతో నాటిన చింత కాపుకు రావాలంటే ఎనిమిది, పదేళ్లు పడుతుంది. తాటి గింజ పాతినవాడు ముంజలు తినాలంటే పన్నెండేళ్లకు పైగా ఆగాలి. మర్రి నీడన ఊరు కూర్చునేనాటికి నాటినవాడు ఉండడు. ఎనభై ఏళ్లు దాటిన వయసులో కూడా రామయ్యగారు మొక్కలు నాటారు. ఆ మొక్కల నీడన తాను కూర్చోనని ఆయనకు తెలుసు. అయినా నాటారు. విశ్వాసమంటే ఇదే. ఫలితం తన చేతికి రాకపోయినా, ఫలితం ఉందని నమ్మి పని చేయడం.

ఈ విశ్వాసం గుడ్డి నమ్మకం కాదు. దానికి ఆధారం మన కళ్ల ముందే ఉంది. ప్రతి ఊరి చెరువు గట్టు మీద ఒక రావి చెట్టో, మర్రి చెట్టో ఉంటుంది. దాన్ని నాటినవారి పేరు ఊళ్లో ఎవరికీ తెలియదు. ఏ శాసనంలోనూ లేదు. అయినా గొడ్లు దాని కింద నిలుస్తున్నాయి, కూలీలు దాని కింద సద్దిమూట విప్పుతున్నారు. పేరు లేని ఆ మనిషి నమ్మకం వమ్ము కాలేదు. తాత నాటిన చెట్టు నీడను అనుభవిస్తున్నవాడు మనవడి కోసం ఒక మొక్క నాటడం దానమేమీ కాదు. తీసుకున్న అప్పు తీర్చడం.

2022లో రామయ్యగారిని ఒక మోటారు సైకిలు ఢీకొన్నది. గాయాలతో ఆసుపత్రి పాలయ్యారు. బండి నడిపిన వ్యక్తి మీద కేసు వద్దనీ, అతని చేత వంద మొక్కలు నాటించమనీ ఆయన కోరినట్లు అప్పట్లో పత్రికల్లో వచ్చింది. మంచం మీద ఉన్న వృద్ధుడికి కోపం రావలసిన చోట మొక్కలు గుర్తుకు వచ్చాయి. పగ తీర్చుకుంటే ఒక కోర్టు వాయిదా మిగిలేది. ఆయన అడిగినది జరిగితే ఒక తోపు మిగులుతుంది. లక్ష్యం మనసులో నాటుకుపోయినవాడికి కష్టం కూడా పనిముట్టు అవుతుందనడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

ఇల్లాలి పాలు

రామయ్యగారి గురించి చెప్పేటప్పుడు ఆయన భార్య జానమ్మగారి ప్రస్తావన రెండు మాటలతో సరిపెట్టడం ఆనవాయితీ అయింది. ఇది న్యాయం కాదు. గింజలు ఏరడంలో, మొక్కలు పెంచడంలో ఆమె చేయి ఉంది. తమకున్న మూడెకరాల పొలం కూడా విత్తనాల కోసం, మొక్కల కోసం అమ్ముకున్నారని ఆ కుటుంబాన్ని ఎరిగినవారు చెబుతారు. పొలం అమ్ముతానని మగవాడు అన్నప్పుడు ఆ ఇంటి పొయ్యి ఎలా వెలగాలో ఆలోచించవలసింది ఇల్లాలే. ఆమె కాదని ఉంటే వనజీవి ఉండేవాడు కాడు.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. అందరూ పొలాలు అమ్ముకుని మొక్కలు నాటాలని ఎవరూ అనకూడదు. అది అందరికీ తగిన దారి కాదు. ఒకరి పట్టుదల ఇంటిల్లిపాదికీ ఆకలి కాకూడదు. లక్ష్యం పెట్టుకునేవాడు తన ఇంటివారిని ముందుగా ఒప్పించుకోవాలి. వారికి దాని మంచి చెడ్డలు చెప్పాలి. వారి మాట వినాలి. భార్యకు చెప్పకుండా పుస్తెలు తాకట్టు పెట్టి వ్యాపారం మొదలుపెట్టేవాడిది పట్టుదల అనిపించుకోదు, మొండితనం అనిపించుకుంటుంది. రెండింటికీ తేడా చాలా ఉంది. పట్టుదల పక్కవారిని కలుపుకుని పోతుంది. మొండితనం పక్కవారిని తొక్కుకుని పోతుంది.

గయ జిల్లా కొండ

ఇటువంటి మనుషులు మన ప్రాంతంలోనే ఉన్నారని కాదు. బీహారు రాష్ట్రం గయ జిల్లాలో గెహలౌర్ అనే పల్లె ఉంది. ఆ ఊరికీ పట్నానికీ మధ్య కొండ అడ్డం. దశరథ్ మాంఝీ అనే కూలీ భార్య సకాలంలో వైద్యం అందక చనిపోయింది. ఆయన 1960లో సుత్తి, ఉలి పట్టుకుని ఆ కొండను ఒంటరిగా తొలచడం మొదలుపెట్టాడు. 1982 నాటికి దారి పూర్తయింది. ఇరవై రెండేళ్లు. పొడవు సుమారు 360 అడుగులు, వెడల్పు 30 అడుగులు. 55 కిలోమీటర్లు చుట్టి పోవలసిన చోట 15 కిలోమీటర్లతో సరిపోయింది. ఆయననూ జనం పిచ్చివాడనే అన్నారు. 2007లో ఆయన చనిపోయినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిపారు.

కొండ తొలిచిన సుత్తికీ, గట్టు మీద చల్లిన గింజకూ పోలిక ఒక్కటే. ఏ ఒక్క రోజు పని చూసినా చాలా చిన్నది. ఆ రోజు దెబ్బకు రాలింది గుప్పెడు రాయి. ఈ రోజు సంచిలోంచి పడింది గుప్పెడు గింజలు. సాయంకాలానికి చూస్తే కొండ కొండలాగే ఉంది, బంజరు బంజరులాగే ఉంది. ఆ సాయంకాలమే మనిషికి అసలైన పరీక్ష. ఏమీ మారలేదనిపించిన తర్వాత కూడా మరునాడు పొద్దున లేచి వెళ్లేవాడే పని పూర్తి చేస్తాడు.

కాగితం మీది పచ్చదనం

ఇంత చెప్పుకున్న తర్వాత సర్కారు లెక్కల వైపు చూడకుండా ఉండటం సాధ్యం కాదు. దేశంలో వనమహోత్సవం 1950లో మొదలైంది. అప్పటి కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ దానికి శ్రీకారం చుట్టారు. తెలంగాణలో 2015లో హరితహారం పేరిట 230 కోట్ల మొక్కలు లక్ష్యంగా పెద్ద కార్యక్రమం చేపట్టారు. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. నాటిన మొక్కల్లో నూటికి 85 బతికించే బాధ్యతను గ్రామ పంచాయతీల మీద పెట్టింది.

చట్టం చేసినవారి ఉద్దేశం మంచిదే. నాటడం కాదు, బతికించడం ముఖ్యమని చట్టంలోనే రాసుకోవడం ఎంతో ముదావహం. ఈ కార్యక్రమాల వల్ల పచ్చబడిన రోడ్లు, ఊళ్లు లేకపోలేదు. కాని చట్టంలోని అంకె మొక్కకు నీరు పోయదు. పై నుంచి వచ్చిన లక్ష్యాన్ని అందుకోవాలన్న తొందరలో, నాటిన సంఖ్య ఘనంగా చెప్పుకోవడం, బతికిన సంఖ్య దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గించడం అలవాటుగా మారితే ప్రయోజనం ఏముంటుంది? చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్న సామెత అవుతుంది.

రామయ్యగారి దగ్గర రిజిస్టరు లేదు. ఆయన మీద అధికారి లేడు. అయినా ఆయన పని ఆగలేదు. ప్రభుత్వం దగ్గర రిజిస్టరు ఉంది, సిబ్బంది ఉన్నారు, నిధులు ఉన్నాయి. లేనిదల్లా ఆ మొక్క నాది అన్న భావం. లక్ష్యం తనది అయినప్పుడు పట్టుదల లోపలి నుంచి వస్తుంది. లక్ష్యం ఇతరులది అయినప్పుడు తనిఖీ వచ్చేరోజు మాత్రమే పని జరుగుతుంది. ఊళ్లో పదివేల మొక్కలు అందరివీ అంటే ఎవరివీ కావు. పది మొక్కలు ఫలానావారివి అంటే పదీ బతుకుతాయి.

పిల్లలకు చెప్పవలసిన మాట

ఈ విషయం మొక్కలతో ముగిసేది కాదు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన తర్వాత తెలంగాణలో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లో జరిగిన తప్పుల మీద పెద్ద ఆందోళనే నడిచింది. తప్పు ఎవరిదన్నది అటుంచితే, ఒక కాగితం మీది అంకె చూసి పదహారు, పదిహేడేళ్ల పిల్లలు ఇక బతుకు లేదనుకోవడం ఎంత దారుణం! నాటిన మొక్క ఎండిపోతే అదే గుంతలో మళ్లీ నాటవచ్చన్న చిన్న సంగతి వారికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా, ఇంట్లో జరిగే తీరు వేరుగా ఉంది.

పరీక్ష తప్పితే మళ్లీ రాసే వీలుంది. ఆ ఏడాదే సప్లిమెంటరీ పరీక్షలు జరుగుతాయి. ఒక ఏడాది పోయినా చెట్టుకు ఒక ఆకు రాలినంతే. ఈ మాట ఫలితాల రోజున చెబితే చెవికెక్కదు. ఏడాది పొడవునా చెప్పాలి. మాటలతో కాదు, చేతలతో చెప్పాలి. బడిలో ప్రతి పిల్లవాడి చేతా ఒక గింజ నాటించి, అది మొలవకపోతే ఇంకో గింజ ఇచ్చి, మొలిచినది ఎండితే మరొకటి ఇచ్చి, చివరకు ఒక్కటి నిలిచేదాకా వెంట ఉంటే, పట్టుదల అన్న పాఠం వేరే పుస్తకంలో చదవనక్కర లేదు. పోయిన గింజలకు మార్కులు తీసేయకుండా, మళ్లీ నాటినందుకు మార్కులు వేయాలి.

తల్లిదండ్రులూ ఆలోచించాలి. బోరులో నీరు పడకపోతే ఇంకోచోట వేయించే రైతు, పంట పోతే మరుసటి కారుకు మళ్లీ దుక్కి దున్నే రైతు, కొడుకు ఒక పరీక్ష తప్పితే మాత్రం ఇంటి పరువు పోయిందని ఎందుకు కుంగిపోవాలి? తన పొలంలో చూపే ఓర్పులో సగం కొడుకు మీద, కూతురు మీద చూపితే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.

చేయగలిగినంత

రామయ్యగారికి విగ్రహాలు పెట్టమని అడిగేవారు అడగవచ్చు. ఆయన పేరు రోడ్డుకు పెట్టవచ్చు. అవి జరిగినా జరగకపోయినా ఆయనకు కొత్తగా వచ్చేది లేదు, పోయేది లేదు. ఆయన చెట్లకు మాత్రం నీరు కావాలి. ఆయన నాటిన కాలువ గట్లమీది మానులను రోడ్డు వెడల్పు పేరిటో, కరెంటు తీగల పేరిటో ఇష్టం వచ్చినట్లు నరకకుండా చూడటం ఆయా గ్రామాలవారి కనీస బాధ్యత. నరకక తప్పని చోట ముందుగా మరోచోట నాటి, అది నిలిచిన తర్వాతే గొడ్డలి ఎత్తాలి.

ఇక ఇంటింటా చేయగలిగింది ఒకటుంది. ఈ ఏడాది తొలకరికి ఇంటికి ఒక్క గింజ. వంద వద్దు, పది వద్దు. ఒక్కటి చాలు. రెండడుగుల లోతు గుంత, కొంచెం పశువుల పెంట, చుట్టూ తుమ్మకంప. మొదటి రెండు వేసవులు దానికి రోజు మార్చి రోజు బిందెడు నీళ్లు. స్నానం చేసిన నీళ్లయినా, అంట్లు కడిగిన నీళ్లయినా దాని పాదుకు మళ్లిస్తే సరిపోతుంది. రెండు ఎండలు దాటితే వేరు లోతుకు దిగుతుంది. ఆ తర్వాత అది తన బతుకు తాను చూసుకుంటుంది.

ఆ రెండు వేసవులూ ఒక్క మొక్కను కాపాడగలిగిన మనిషి, తన జీవితంలో ఏ లక్ష్యాన్నైనా అందుకోగలడు. తాగుడు మానదలచినవాడికీ, అక్షరాలు నేర్వదలచిన తల్లికీ, తప్పిన పరీక్ష మళ్లీ రాయదలచిన పిల్లలకూ ఇదే అభ్యాసం. రోజూ కొంచెం. ఎండినా మళ్లీ. ఎవరు నవ్వినా సరే. ఫలితం ఆలస్యమైనా సరే.

వచ్చే తొలకరికి గుంతలు తీసేముందు ప్రతి పంచాయతీలోనూ పెద్దలు ఒక పని చేయాలి. పోయిన ఏడాది నాటిన వాటిలో ఎన్ని నిలిచాయో ఊరంతా తిరిగి లెక్కపెట్టాలి. ఆ సంఖ్యను గ్రామసభలో చదివి వినిపించాలి. అది చిన్నదైనా సిగ్గుపడనక్కర లేదు. నిజమైన లెక్క నుంచే నిజమైన పని మొదలవుతుంది.